అమెరికాలో క్రిమినల్ జస్టిస్ చదువు కోసం ఇల్లు తాకట్టు పెట్టాలా?

ప్రశ్న: మాది ఖమ్మం. నాకు 51 ఏళ్లు, ప్రైవేటు ఉద్యోగం. నెలకు 68 వేలు చేతికొస్తాయి, ఇంటి ఖర్చు 38 వేలు. డిగ్రీ చదివిన మా అమ్మాయికి అమెరికాలో క్రిమినల్ జస్టిస్ (పోలీసు, కోర్టులు, జైళ్ల వ్యవస్థ గురించిన చదువు) మాస్టర్స్‌లో సీటొచ్చింది. రెండేళ్లకు 42 లక్షలు కావాలి. ఇల్లు తనఖా పెడితే బ్యాంకు 10.5 శాతం వడ్డీకి 30 లక్షలు ఇస్తానంది. మిగతా 12 లక్షలు తెలిసినవాళ్ల దగ్గర నూటికి రెండు రూపాయల వడ్డీకి తెద్దామనుకుంటున్నాను. ఈ చదువుకు అక్కడ ఏడాదికి 65 వేల డాలర్ల జీతం ఉంటుందని కన్సల్టెన్సీ వాళ్లు చెప్పారు. బ్యాంకులో 2 లక్షలున్నాయి. కంపెనీ ఇచ్చిన హెల్త్ ఇన్సూరెన్స్ తప్ప వేరే పాలసీలు లేవు. ముందుకు వెళ్లవచ్చా?

జవాబు: ఈ లెక్కతో వెళ్లకండి. మీ ఒక్కరికే కాదు, పిల్లల్ని విదేశాలకు పంపాలనుకునే చాలామంది తల్లిదండ్రులకు చెప్పాల్సిన మాట ఇది. ఎవరికో వచ్చే జీతం చూసి మన ఇంటి కాగితాలు బ్యాంకులో పెడుతున్నాం.

ఆ 65 వేల డాలర్లు గాలి లెక్క కాదు. అమెరికా కార్మిక శాఖ 2024 మే గణాంకాల్లో ప్రొబేషన్ ఆఫీసర్ల (శిక్ష పడి జైలు బయట ఉండేవాళ్లను పర్యవేక్షించే అధికారులు) మధ్యస్థ వార్షిక వేతనం 64,520 డాలర్లు, పోలీసులు, డిటెక్టివులది 77,270 డాలర్లు. కానీ ఇవి ఎక్కువగా ప్రభుత్వ ఉద్యోగాలు. ఎఫ్‌బీఐ ఏజెంటు కావాలంటే అమెరికా పౌరసత్వం తప్పనిసరి. రాష్ట్ర, కౌంటీ పోలీసు శాఖల్లోనూ చాలాచోట్ల పౌరసత్వమో, గ్రీన్‌కార్డో ఉండాలి. స్టూడెంట్ వీసా మీద వెళ్లే మీ అమ్మాయికి మిగిలేవి ప్రైవేటు కంపెనీల్లో మోసాల దర్యాప్తు, కంప్లయన్స్ (కంపెనీ చట్టాలు, నిబంధనలు పాటిస్తోందో లేదో చూసే పని) వంటి కొద్దిపాటి ఉద్యోగాలే. వాటికైనా ఓపీటీ (స్టూడెంట్ వీసా మీద చదువయ్యాక పనిచేసే అనుమతి) గడువు 12 నెలలే. ఫోరెన్సిక్ సైన్స్ స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, గణితం) కోర్సుల జాబితాలో ఉంది కాబట్టి దానికి మరో 24 నెలలు దొరుకుతాయి, సాధారణ క్రిమినల్ జస్టిస్ కోర్సుకు దొరకవు. ఆ 12 నెలల్లోనూ ఉద్యోగం లేకుండా మొత్తం 90 రోజులకు మించి ఉండకూడదు.

అక్కడి ప్రభుత్వ వెబ్‌సైట్ ‘కాలేజ్ స్కోర్‌కార్డ్’లో ఏ కోర్సు చదివినవాళ్లు ఎంత సంపాదిస్తున్నారో, ఎంత అప్పు మోస్తున్నారో కనిపిస్తుంది. చాలామంది దాన్నే నమ్ముకుంటారు. అందులో లెక్కించేది అమెరికా ఫెడరల్ సాయం తీసుకున్న విద్యార్థులనే. మన పిల్లలు ఆ లెక్కలో లేరు. పైగా అక్కడి పిల్లలు ప్రభుత్వ ఉద్యోగంలో ఉండి అర్హమైన వాయిదాలు 120 కడితే, మిగిలిన ఫెడరల్ అప్పు మాఫీ అవుతుంది. ఖమ్మంలో తీసుకున్న అప్పుకు అలాంటి మాఫీ లేదు.

ఇప్పుడు మీ ఇంటి లెక్క చూద్దాం. 30 లక్షలు విడతలవారీగా తీసుకున్నా, చదువు పూర్తయి మరో ఆరు నెలలు గడిచేసరికి వడ్డీతో కలిపి 35 లక్షలు దాటుతుంది. పదేళ్లలో తీర్చాలంటే నెలకు సుమారు 48 వేలు కట్టాలి. నూటికి రెండంటే ఏడాదికి 24 శాతం. 12 లక్షల మీద నెలకు 24 వేలు వడ్డీకే పోతుంది, అసలు రూపాయి కూడా తగ్గదు. రెండూ కలిపితే 72 వేలు. మీ జీతం 68 వేలు. దీన్ని ప్లాన్ అని ఎలా అంటారండీ? చేబదులు వడ్డీ అయితే మొదటి నెల నుంచే మొదలవుతుంది. ఆ 12 లక్షల ఆలోచన ఈరోజే మానుకోండి. బ్యాంకు వాయిదాలు మొదలయ్యేసరికి మీకు 54 దగ్గర పడతాయి, పూర్తయ్యేసరికి 64. అప్పటిదాకా మీ ఉద్యోగం ఉంటుందా?

నన్ను అన్నిటికంటే కలవరపెట్టింది మీ ఉత్తరం చివర్లో చెప్పిన రెండు విషయాలు. 2 లక్షల నిల్వ, కంపెనీ హెల్త్ ఇన్సూరెన్స్. మీ ఉద్యోగం పోతే జీతం, ఇన్సూరెన్స్ ఒకేరోజు పోతాయి. అమ్మాయికి ఉద్యోగం ఆలస్యమైతే బ్యాంకు అడిగేది మిమ్మల్నే, జప్తు చేసేది మీ ఇంటినే. అత్యవసర నిధి లేకుండా విద్యారుణం మీద సంతకం పెట్టొద్దని ఎన్నిసార్లయినా చెబుతాను. మీకు ఆరు నెలల ఇంటి ఖర్చు, ఆరు నెలల బ్యాంకు వాయిదాలు కలిపి 5 లక్షల పైచిలుకు ఉండాలి. అది ఫిక్స్‌డ్ డిపాజిట్‌లోనో, లిక్విడ్ ఫండ్‌లోనో (త్వరగా వెనక్కి తీసుకోగల మ్యూచువల్ ఫండ్) ఉండాలి. ఫీజుకు తక్కువైందని దాన్ని ముట్టుకోకూడదు.

మీ పేరున 65 ఏళ్ల దాకా 50 లక్షల టర్మ్ పాలసీ, ఇంటిల్లిపాదికీ కంపెనీతో సంబంధం లేని హెల్త్ పాలసీ ఈ నెలలోనే తీసుకోండి. ఈ వయసులో ప్రీమియం ఎక్కువే, వైద్య పరీక్షలూ అడుగుతారు. అయినా వాయిదా వేయకండి. అమ్మాయికి ఆదాయం లేదు కాబట్టి విడిగా పెద్ద టర్మ్ పాలసీ దొరకడం కష్టం. ఎప్పుడు అప్పు తీసుకున్నా ఆమె పేరున రుణానికి బీమా ఉండేలా చూడండి. ఆ ప్రీమియాన్ని అప్పులో కలపనివ్వకండి.

ఈ రంగమే ఇష్టమైతే గాంధీనగర్‌లోని నేషనల్ ఫోరెన్సిక్ సైన్సెస్ యూనివర్సిటీ కోర్సులు చూడండి. ఎల్‌ఎల్‌బీ మరో దారి. పోలీసు ఉద్యోగమే లక్ష్యమైతే తెలుగు రాష్ట్రాల్లో ఎస్సై పరీక్షకు ఏ డిగ్రీ అయినా చాలు.

అమెరికాయే కావాలంటే సీటు ఒక ఏడాది వాయిదా వేయమని యూనివర్సిటీకి ఇప్పుడే మెయిల్ పెట్టించండి. మీకు నెలకు 30 వేలు మిగులుతున్నాయి. ప్రీమియాలు పోను మిగిలింది దాచినా, ఏడాదిలో చేతిలో ఉన్న 2 లక్షలతో కలిపి నిధి దాదాపు సిద్ధమవుతుంది. ఈలోగా అమ్మాయిని స్కాలర్‌షిప్‌లకు, తక్కువ ఫీజుండే ప్రభుత్వ యూనివర్సిటీలకు దరఖాస్తు చేయమనండి. మొత్తం ఖర్చును 30 లక్షల లోపుకు తేగలిగితే, కోర్సు కోడ్ స్టెమ్‌లోకి వస్తుందో లేదో యూనివర్సిటీని రాతపూర్వకంగా అడిగి, ఆ జవాబుతో మళ్లీ రాయండి.