కోరంగి మడకు విలువ కట్టే ముందు

చిరంజీవి అమ్మాయికి పెదనాన్న ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. కాకినాడ తీరం ప్లానులో కోరంగి మడ అడవికీ, దాని పక్కనున్న బేకీ (అఖాతానికీ) విలువ కట్టే పని నీకు అప్పగించారని చదివి ఎంత సంతోషించానో చెప్పలేను. "హెక్టారుకి ఎంత వేయమంటారు పెదనాన్నా?" అని అడిగావు. ఆ అంకె నేను చెప్పనమ్మా. ఒకసారి చెప్పి చాలా బాధపడ్డాను.

థాయ్‌లాండ్‌లో సూరత్ థాని దగ్గర ఒక ఊరి మడ అడవి మీద 2001లో ఒక అధ్యయనం వచ్చింది. హెక్టారు విలువ సుమారు 27 వేల నుంచి 36 వేల డాలర్లని తేల్చారు. నేను ఆ అంకెను రూపాయల్లోకి మార్చి, మన హెక్టార్లతో గుణించి రిపోర్టులో పెట్టేశాను. మీటింగులో ప్రాజెక్టు తరఫు మనిషి ఆ పేజీ తీసి, "ఇంతే కదా సార్, కట్టేస్తాం, స్థలం ఇప్పించండి" అన్నాడు. కాపాడదామని కట్టిన విలువ అమ్మకం ధర అయిపోయింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

అదే అధ్యయనంలో మనకు కావాల్సిన మాట వేరే ఉంది. మడ నరికి రొయ్యల చెరువు తవ్విన యజమానికి లాభమే కనిపించింది. కానీ అతనికి అందిన సబ్సిడీలు తీసేసి, ఐదేళ్లకు పనికిరాకుండా పోయే ఆ చెరువును మళ్లీ అడవిగా మార్చే ఖర్చు కలిపితే లెక్క నష్టంలోకి పోయింది. నేను ఆ మాటను వదిలేసి అంకెను మాత్రం పట్టుకొచ్చాను.

అందుకని నువ్వు ముందు మ్యాపు పరుచుకో. "కోరంగి విలువ ఎంత?" అని అడిగితే జవాబు రాదు. "ఓడల దారి గీత అర కిలోమీటరు ఇటు జరిగితే ఎవరికి ఏం పోతుంది, ఎవరికి ఏం వస్తుంది?" అని అడుగు, జవాబు వస్తుంది. హోప్ ఐలాండ్ అడ్డుగా ఉండబట్టే ఆ బేలో నీళ్లు నెమ్మదిగా ఉంటాయి. అందుకే అక్కడ పోర్టు వచ్చింది, అందుకే చిన్న పడవలూ బతుకుతున్నాయి. బయట గ్యాస్ బావులు, ట్రాలర్లు, ఒడ్డుకి లాగే అలివి వలలు, ఇసుకలో గుడ్లు పెట్టే తాబేళ్లు. అందరికీ అదే నీరు కావాలి. నువ్వు విలువ కట్టాల్సింది ఆ గీతలు మారినప్పుడు వచ్చే తేడాకి.

ఇంకో మాట, మీ మ్యాపు యానాం దగ్గర ఆగిపోనివ్వకు. 2019లో నార్వేతో కుదిరిన ఒప్పందం కింద సముద్రంలో ఏ చోటు ఏ పనికో గీసే ప్లానింగుకి మొదట ఎంచుకున్నవి పుదుచ్చేరి, లక్షద్వీప్. యానాం కాగితాల్లో పుదుచ్చేరిది, నీళ్లలో మాత్రం గోదావరిది. సముద్రం నుంచి ఏరు ఎక్కే పులసకి ఏ సరిహద్దూ లేదు.

ఇప్పుడు నాకు కళ్లు తెరిపించిన రోజు సంగతి చెప్తాను. పాటు తీసి నీళ్లు తగ్గిన వేళ ఒక చిన్న పాయలో ఒకావిడ మోకాళ్ల దాకా బురదలో నిలబడి మండపీతలు పడుతోంది. ఉప్పుపొన్న అనే మడ చెట్టు వేళ్ల మధ్య బొరియలోకి ఇనుప కొక్కెం దూర్చి, చెవి పెట్టి విన్నట్టు ఒక్క క్షణం ఆగేది. గీసిన చప్పుడు తగిలితే మెల్లగా లాగేది. నేను రోజుకి ఎంత వస్తుందో అడిగి, ఏడాదికి సగటు కట్టి రాసుకున్నాను. చాలా చిన్న మొత్తం. ఆవిడ నా పుస్తకం వంక చూసి, "వేట ఆపిన రెండు నెలలు వేరేగా రాసుకోండి బాబూ, అప్పుడు మా ఇంటికి ఇదే బియ్యం" అంది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు మరబోట్లు కదలవు కదా. ఆ రోజుల్లో అప్పు చేయకుండా నిలబెట్టేది ఆ పాయే. ఏడాది సగటులో ఆ సంగతి కనిపించదు. నువ్వు నెలవారీగా రాయి.

అలాంటివాళ్లని "ఈ అడవిని కాపాడటానికి ఎంత కడతావు?" అని అడగొద్దు. చేతిలో డబ్బు లేనివాళ్లు సున్నా అంటారు. ఆ సున్నా అడవి విలువ కాదు. ఎన్ని రోజుల పని ఇస్తారో అడుగు, పాయ మూసేస్తే ఎక్కడికి పోతారో అడుగు.

కుంభాభిషేకం చేపల రేవులో వేలం పాట ధర తీసుకుని పట్టుబడితో గుణిస్తే విలువ వచ్చినట్టు కాదు. డీజిలు, ఐసు, వలల మరమ్మతు, కళాసీల (బోటు మీద పనిచేసేవాళ్ల) వాటా తీసెయ్యి. కళాసీకి ఆ రోజు ఇంకో పని దొరకదనుకో, అతని వాటా మొత్తం తీసేయకూడదు, అది వాళ్లని అడిగే తేల్చుకోవాలి. మడలో పెరిగి కడలిలో దొరికిన రొయ్యని రెండు చోట్లా లెక్కవేయకు.

తుఫాను లెక్కకి ఒడిశా చూడు. 1999 తుఫాను తర్వాత భితర్‌కనిక దగ్గర మూడు ఊళ్లు పోల్చారు. మడ అడ్డున్న ఊళ్లో ఇంటికి సుమారు 33 డాలర్ల నష్టం. ఏ అడ్డూ లేని ఊళ్లో 44. మడ లేకుండా గట్టు మాత్రమే ఉన్న ఊళ్లో 154. గట్టు తెగి లోపలికొచ్చిన ఉప్పునీరు మళ్లీ బయటికి పోలేదు. "అడవి పోతే గోడ కట్టుకుందాం" అనే వాళ్లకి ఈ మూడు అంకెలు చూపించు. కోరంగికి వీటినే తెచ్చి అతికించకు. 1996 నవంబరులో మన తీరం మీద విరుచుకుపడిన తుఫాను సంగతి మన ఊళ్లలోనే అడుగు, ఇంకా చెప్పేవాళ్లున్నారు.

డిస్కౌంట్ రేటు, అంటే రేపటి రూపాయిని నేటి విలువకి తగ్గించే రేటు దగ్గర గట్టిగా నిలబడాలి. ముప్పై ఏళ్ల తర్వాత వచ్చే 100 రూపాయలు, 10 శాతం వేస్తే నేటికి 6 రూపాయలు కూడా కాదు. 4 శాతం వేస్తే దాదాపు 31. రేటు ఒక్కటి మారితే నరకొచ్చన్న అడవి నరకకూడనిది అవుతుంది. రెండూ పక్కపక్కన రాయి, ఏది ఎందుకు వేశావో అక్కడే చెప్పు. దేనికి డబ్బు కట్టలేకపోయావో, అదీ అదే పట్టికలో, అదే సైజు అక్షరాల్లో ఉండాలి. కింద చిన్న అక్షరాల్లో పెడితే ఎవరూ చదవరు, ఖాళీ గడి సున్నా అయిపోతుంది.

ఏప్రిల్ 15 దాటాక రా. బోట్లన్నీ ఒడ్డునే ఉంటాయి, మనుషులకి మాట్లాడే తీరిక ఉంటుంది. పాటు వేళ చూసుకుని నేనే పాయలోకి తీసుకెళ్తాను. పాత బట్టలు తెచ్చుకో, ఆ ఒండ్రు మరక ఒక పట్టాన వదలదు.

మీ పెదనాన్న