శివారులో ఇల్లు కొనే ముందు: వనస్థలిపురం నుంచి నాలుగు మాటలు

ప్రశాంతంగా ఉందని శివారు కాలనీలో ఇల్లు కొంటే ఆ ప్రశాంతత ఎన్నాళ్లు ఉంటుందని అడిగారు. నా అంచనాలో పదేళ్లు, అదీ అదృష్టం బాగుంటే.

మేము 1999లో హైదరాబాద్ మలక్‌పేటలో అద్దె వాటా ఖాళీ చేసి నగర శివారులోని వనస్థలిపురం వచ్చాం. హౌసింగ్ బోర్డు ఇళ్లున్న పాత భాగం అప్పటికే నిండిపోయింది. మాది దాని అవతల, ఇళ్లకన్నా ఖాళీ ప్లాట్లే ఎక్కువున్న కాలనీ. పొద్దుపోయాక విజయవాడ హైవే మీద లారీల మోత తప్ప మరో చప్పుడు ఉండేది కాదు. "ఎల్.బి. నగర్ కూడా దాటిపోయారు, మీ ఇంటికి రావాలంటే సద్ది కట్టుకోవాలి" అని మా ఆడపడుచు ఆటపట్టించేది.

ఆ రోజుల గురించి మావారు ఇప్పటికీ మురిసిపోతూ చెబుతారు. ఆయన చెప్పే కథలో నీళ్ల ట్యాంకరు మాత్రం ఉండదు. వేసవి వస్తే బోరు గాలి కక్కేది. ట్యాంకరు వాడికి ఫోను చేసి, నేను పనిచేసే బడికి సెలవు పెట్టి, వాడు వచ్చేదాకా సంపు దగ్గర కాపలా కాయడం నా పని. చీకటి పడితే అమ్మాయి కోసం బస్టాపుకు వెళ్లడమూ నా పనే. హైవే నుంచి ఇంటికి వచ్చే దారిలో సగం దీపాలు వెలిగేవి కావు. నిశ్శబ్దాన్ని తలుచుకుని నిట్టూర్చే మగవాళ్లను చూస్తే నాకు నవ్వొస్తుంది.

2004లో నాగార్జునసాగర్ వైపు నుంచి కృష్ణా నీళ్లు నగరానికి తెచ్చారు. ఆ నీళ్లు చేరే సాహెబ్‌నగర్ రిజర్వాయరు మాకు పక్కనే. నీళ్ల వెనకే జనం వచ్చారు. 2007లో ఎల్.బి. నగర్ మున్సిపాలిటీ గ్రేటర్ హైదరాబాద్ నగరపాలక సంస్థ (జీహెచ్‌ఎంసీ)లో కలిసిపోయింది. 2018 సెప్టెంబరులో మెట్రో ఎల్.బి. నగర్ దాకా వచ్చింది. అక్కడ దిగి షేర్ ఆటో ఎక్కితే ఇల్లు చేరినట్టే.

అసలు మార్పు మాత్రం పక్కింటి నుంచి మొదలైంది. పక్కింటి పిన్నిగారు, బాబాయిగారు ఇద్దరే ఉండేవారు. పిల్లలు అమెరికాలో. మెట్లెక్కలేక, ఇల్లు చూసుకోలేక చివరికి స్థలాన్ని డెవలప్‌మెంటుకు ఇచ్చేశారు. బిల్డరు తన ఖర్చుతో కట్టి సగం ఫ్లాట్లు తాను అమ్ముకుంటాడు, సగం వాళ్లకిస్తాడు. కింద పార్కింగు, పైన అంతస్తులు, ఆపైన పెంట్‌హౌసు. కట్టినన్నాళ్లూ దుమ్ము, డ్రిల్లింగు మోత. అయ్యాక మా వంటింటికి పొద్దుటి ఎండ పోయింది, వడియాలు ఎండబెట్టుకోవడానికి డాబా ఎక్కక తప్పడం లేదు. ఆ తర్వాత వీధిలో ఒకరిని చూసి ఒకరు అదే దారి పట్టారు. మమ్మల్నీ అడుగుతూనే ఉన్నారు. మావారు ససేమిరా అంటున్నారు, నేను ఇంకా తేల్చుకోలేదు.

అయితే ఆ ఫ్లాట్లలోకి వచ్చినవాళ్లే ఇప్పుడు నాకు ఇరుగుపొరుగు. పై అంతస్తులో ఉండే నర్సమ్మాయి రాత్రి డ్యూటీ ముగించుకుని ఒంటరిగా నడిచి వస్తుంది. మందుల షాపు, కర్రీ పాయింటు, టిఫిన్ బండి అన్నీ తెరిచే ఉంటాయి కాబట్టి భయం లేదంటుంది. మా అమ్మాయికి ఆ ధీమా ఉండేది కాదు. సంక్రాంతికి ముందు రోజుల్లో మాత్రం ఆంధ్రాకు వెళ్లే కార్లన్నీ హైవే మీదే ఉంటాయి, అటు పక్కకు పనుంటే పండుగ అయ్యాకే.

మారనిది ఒక్కటే, మహావీర్ హరిణ వనస్థలి. ఒకప్పుడు నిజాం వేటాడిన అడవి, 1994లో జాతీయ పార్కు అయింది. చుట్టూ ఎన్ని అంతస్తులు లేచినా కృష్ణజింకలు ఇంకా అక్కడే తిరుగుతున్నాయి. చట్టం కాపలా ఉంది కాబట్టే మిగిలింది. మా కాలనీ ఖాళీ ప్లాట్లకు ఆ కాపలా ఎక్కడిది?

అందుకే బ్రోకరు "ఎంత ప్రశాంతంగా ఉందో చూడండి" అంటే ఆ మాట పక్కన పెట్టి ముందు వాన నీళ్ల సంగతి చూడండి. 2020 అక్టోబరులో ఒక్క రోజులో హయత్‌నగర్ వైపు దాదాపు 30 సెంటీమీటర్ల వాన పడింది. మా వీధి మెరక మీద ఉంది కాబట్టి గుమ్మం తడిసి ఊరుకుంది. చెరువుల దిగువన, నాలాల పక్కన ఇళ్లు కట్టుకున్నవాళ్ల హాల్లో నడుం లోతు నీళ్లు. కొనాలనుకుంటున్న స్థలాన్ని గట్టి వాన పడిన మర్నాడు వెళ్లి చూడండి. నీళ్లు ఎటు పోతున్నాయో, పాత రెవెన్యూ పటంలో ఆ చోట చెరువు శిఖం, అంటే నీళ్లు నిలిచే చెరువు లోపలి భూమి, ఉందేమో కనుక్కోండి. చుట్టూ ఖాళీ ప్లాట్లుంటే అక్కడ అయిదంతస్తుల ఇళ్లు లేచినట్టే లెక్క వేసుకుని మీ కిటికీలు ఎటు పెట్టాలో ఆలోచించండి. నీళ్ల కనెక్షన్ ఉందో లేదో పక్కింటి మగవాళ్లను కాదు, ఆడవాళ్లను అడగండి.