కాటన్ దొర ఇంటిపేరులో పత్తి లేదు

అమ్మలూ,

నీ మెసేజ్ రాత్రే చూశాను, ఫోన్‌లో రెండు ముక్కలు కొట్టి ఊరుకునే సంగతి కాదని పొద్దున్నే కూర్చుని రాస్తున్నాను. సంక్రాంతికి వచ్చినప్పుడు ధవళేశ్వరంలో కాటన్ మ్యూజియం నుంచి బయటికొస్తూ "పెదనాన్నా, వీళ్ల తాతముత్తాతలు పత్తి వ్యాపారం చేసేవాళ్లా?" అని అడిగావు, గుర్తుందా? ఇప్పుడు ఎలాగూ ఇంగ్లండ్‌లోనే ఉన్నావు కాబట్టి ఆ ఇంటిపేరు ఎక్కడ పుట్టిందో నువ్వే వెతికి రాస్తానంటున్నావు. చాలా సంతోషం. రిటైరయ్యాక ఈ పని మీద నేను చాలా ఏళ్లు పెట్టాను, తప్పులూ చేశాను. అవి నువ్వు చెయ్యకూడదనే ఈ ఉత్తరం.

ముందు పత్తిని మర్చిపో. పత్తికి వాడే కాటన్ అనే మాట అరబ్బీలో పుట్టి ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషులోకి వచ్చింది. ఇంటిపేరుది వేరే దారి. పాత ఇంగ్లీషులో 'కాట్' అంటే గుడిసె, ఇప్పటి కాటేజ్‌లో ఉన్నది అదే. దానికి బహువచనంలో ఒక విభక్తి చేరితే 'కాటుమ్' అయ్యేది, అంటే 'గుడిసెల దగ్గర' అని. అలా పిలిచిన చోట్లే తర్వాత కోటన్, కాటన్ అనే ఊళ్లయ్యాయి. విభక్తి పేరులో ఇరుక్కుపోవడం మనకు కొత్త కాదు, మన మేకల వాళ్లనీ బండ్ల వాళ్లనీ చూడు, చివర ఆ 'ల' ఎలా మిగిలిపోయిందో. కోట్స్, కాటమ్ అనే ఇంటిపేర్లు కూడా ఆ గుడిసెల్లోంచి వచ్చినవే. నువ్వు రైల్లో వెళ్తూ చూసే డిడ్‌కాట్, గుర్రప్పందేల ఆస్కాట్, వాటి చివర ఉన్నదీ ఈ కాటే.

ఇక్కడ ఒక మెలిక ఉంది, ఇది బాగా పట్టుకో. ఊరి పేరు ఇంటిపేరుగా మారేది ఎక్కువగా మనిషి ఆ ఊరు వదిలాకే. కోటన్‌లో ఉన్నంతకాలం అందరూ కోటన్ వాళ్లే కాబట్టి ఆ పేరుతో ఎవరినీ గుర్తుపట్టలేం, పక్క ఊరికి పోయి స్థిరపడినప్పుడు అక్కడివాళ్లు "ఆ కోటన్ నుంచి వచ్చినాయన" అంటారు. మన ఇంటిపేర్లలో ఊళ్ల పేర్లు ఇన్ని ఉండటానికీ కారణం అదే కదా. అయితే గుడిసెలు లేని చోటు ఎక్కడుంటుంది? కేంబ్రిడ్జ్ పక్కన ఒక కోటన్ ఉంది, ష్రాప్‌షైర్‌లో ఉంది, స్టఫర్డ్‌షైర్‌లో ఉంది, చెషైర్‌లో కాటన్ ఉంది. ఒక్కో ఊరి నుంచి ఒక్కో కుటుంబం, ఒకరికొకరు ఏమీ కారు. అందుకే ఇంటిపేరు అర్థం తెలిసినంత మాత్రాన ఫలానా కుటుంబం చరిత్ర తెలిసినట్టు కాదు. ఈ రెండింటినీ నేను చాలాకాలం ఒకటే అనుకున్నాను.

నా తప్పు ఏమిటంటే, సర్ రాబర్ట్ కాటన్ గురించి చదవగానే ఆయన మన దొరకు ముత్తాతల్లో ఒకడని రాసేసుకున్నాను. 1571లో పుట్టి 1631లో పోయిన ఆ మనిషి పాత రాతప్రతులు పోగుచేశాడు. బేవుల్ఫ్ కావ్యానికి మిగిలిన ఒకే ఒక్క ప్రతి, రాజు అధికారానికి హద్దులు పెట్టిన 1215 నాటి మాగ్నా కార్టా ఒప్పందం మిగిలిన నాలుగు ప్రతుల్లో రెండు, ఆయన సేకరణలోవే. 1731లో అగ్నిప్రమాదం జరిగి కొన్ని కాలిపోయాయి, మిగిలినవి బ్రిటిష్ మ్యూజియానికి పునాది అయ్యాయి. అంత పెద్ద మనిషితో చుట్టరికం కలిపితే బాగుంటుందని ఎవరికైనా అనిపిస్తుంది. కానీ కాగితం చూపించలేకపోతే అది మన కోరికే తప్ప చరిత్ర కాదు. మన దొర ఆర్థర్ కాటన్ 1803 మే 15న పుట్టాడు, తండ్రి హెన్రీ కాల్వేలీ కాటన్, వాళ్లది చెషైర్‌లోని కోంబర్‌మియర్ కుటుంబం. ఎనిమిదో హెన్రీ రాజు మఠాలను రద్దుచేసిన కాలంలో అక్కడి మఠం ఆస్తి జార్జ్ కాటన్ అనే ఆయన చేతికొచ్చింది. కాబట్టి నువ్వు మొదలుపెట్టాల్సింది ధవళేశ్వరం ఆనకట్ట కట్టిన మనిషి దగ్గర. ఆయన నుంచి ఒక్కో తరం వెనక్కి వెళ్లు. ఏనాడో ఉన్న ఒక గొప్పవాడి దగ్గర మొదలుపెట్టి కిందికి రావద్దు.

వెనక్కి వెళ్లడానికి ఏం దొరుకుతాయంటే, ఇంగ్లండ్‌లో ప్రభుత్వం జననమరణాలు నమోదు చెయ్యడం 1837 జులైలో మొదలైంది. అంతకుముందువి చర్చి రిజిస్టర్లే, అవి 1538లో ఎనిమిదో హెన్రీ మంత్రి థామస్ క్రామ్‌వెల్ ఇచ్చిన ఆజ్ఞతో మొదలయ్యాయి, అన్ని చోట్లా మిగల్లేదు. మామూలు కుటుంబమైతే జనాభా లెక్కల్లో ఇంటింటి పేర్లు 1841 నుంచి పనికొస్తాయి. ఇక ఇండియాకు వచ్చిన ఇంగ్లీషువాళ్ల బాప్తిస్మాలు, పెళ్లిళ్లు, సమాధుల వివరాలు లండన్‌లో బ్రిటిష్ లైబ్రరీలోని ఇండియా ఆఫీస్ రికార్డుల్లో ఉన్నాయి, నాలాంటివాడికి అంత దూరం కుదరదు, నీకు రైలు టికెట్ చాలు.

స్పెల్లింగ్ దగ్గర టెన్షన్ పడకు. పాస్టరు చెవికి ఎలా వినపడితే అలా రాసేవాడు, ఒకే మనిషి పేరు రెండు చోట్ల రెండు రకాలుగా ఉంటుంది, ఒక 'టీ' ఎక్కువైందని వేరే కుటుంబం అనుకోవద్దు. తేదీల దగ్గర మాత్రం చాలా జాగ్రత్త. 1752కి ముందు ఇంగ్లండ్‌లో కొత్త సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది. రిజిస్టర్‌లో 1640 ఫిబ్రవరి అని ఉంటే మన లెక్కలో అది 1641. ఇది తెలియక నేను ఒక పిల్లవాడు తల్లిదండ్రుల పెళ్లికి ముందే పుట్టాడని రాసుకుని, నెలల తర్వాత దిద్దుకున్నాను.

"మీ ఇంటిపేరు రాజముద్ర" అంటూ డాలు బొమ్మలాంటి వంశచిహ్నాన్ని (కోట్ ఆఫ్ ఆర్మ్స్) ఫ్రేము కట్టి అమ్మే దుకాణాలు కనిపిస్తాయి. కొనకు. అక్కడ ఆ చిహ్నం హక్కు ఒక మనిషిదీ, అతని వారసులదీ. ఇంటిపేరు ఒకటే అయినంత మాత్రాన అందరికీ రాదు. ఒక మిత్రుడికి బహుమతిగా ఇద్దామని నేను ఒకటి తెప్పించాను, డబ్బు పోతే పోయింది, దాన్నే నిజమనుకుని అతను పిల్లలకు చెప్పాడు. ఆ బాధ నాకింకా ఉంది.

రిజిస్టర్ ఏదైనా దొరికితే మనకు కావలసిన ఒక్క వరసే ఫోటో తియ్యకు, పేజీ మొత్తం తియ్యి, ముందు పేజీ వెనక పేజీ కూడా. పక్క వరసల్లోనే అన్నదమ్ములు దొరుకుతారు. ఏ ఊరి చర్చో, ఏ సంవత్సరమో ఫోటో పేరులోనే రాసి నాకు పంపు, ఆ పాత చేతిరాత ఇద్దరం కలిసి చదువుదాం.

మీ పెదనాన్న