కారవాన్‌కి టోయింగ్ మిర్రర్లు ఎంచుకునేటప్పుడు ముందు చూడాల్సింది మీ కారు అద్దం డొప్పని

మీరు రెండు విషయాలు అడిగారు. మీ ఎస్‌యూవీకి ఇప్పటికే పెద్ద సైడ్ మిర్రర్లు ఉన్నాయి కదా, కొత్తగా కొన్న కారవాన్ (కారు వెనక తగిలించి లాగే చక్రాల ఇల్లు) లాగడానికి వేరే అద్దాలు, అంటే ఇంకా బయటికి ఉండే టోయింగ్ మిర్రర్లు, నిజంగా అవసరమా అన్నది మొదటిది. అవసరమైతే ఎలాంటివి కొనాలి, గ్లాసు చదునుగా ఉన్నది మంచిదా, కాన్వెక్స్ (బయటికి ఉబ్బినది) మంచిదా అన్నది రెండోది. నేను కొన్నేళ్లుగా కుటుంబంతో కారవాన్ లాక్కుని తిరుగుతున్నాను, కారు మార్చినప్పుడు అద్దాలు కూడా మళ్లీ వెతుక్కోవాల్సి వచ్చింది. ఆ అనుభవంతో చెప్తున్నాను.

మొదటి ప్రశ్నని ఒక టేపు తేల్చేస్తుంది. కారవాన్‌ని దాని వెడల్పు ఎక్కువగా ఉన్నచోట కొలవండి. తర్వాత కారు సైడ్ మిర్రర్లు తెరిచి ఉంచి, ఈ చివరి నుంచి ఆ చివరికి కొలవండి. కారవాన్ 2.3 మీటర్లు, అద్దాలతో కలిపి కారు 2.1 మీటర్లు వచ్చాయనుకుందాం. అంటే మీ అద్దం అంచు కారవాన్ పక్క గోడ కన్నా 10 సెంటీమీటర్లు లోపలే ఉంది. అద్దం ఎంత పెద్దదైనా ఇక్కడ లాభం లేదు, అది ఎంత బయటికి ఉందన్నదే లెక్క.

పది సెంటీమీటర్లే కదా అనిపిస్తుంది. కారవాన్ ముందు మూల మీ అద్దానికి 4 మీటర్ల వెనక ఉందనుకోండి. అద్దంలోంచి ఆ మూలని రాసుకుంటూ వెనక్కి పోయే చూపు పక్కకి వాలుతుంది. 20 మీటర్ల వెనక్కి వెళ్లేసరికి కారవాన్ గోడ వరస నుంచి 40 సెంటీమీటర్లు, 40 మీటర్ల దగ్గర 90 సెంటీమీటర్లు పక్కకి జరిగిపోతుంది. ఆ మధ్యలో ఉన్నది ఏదీ మీకు కనిపించదు. ఒక మోటార్ సైకిల్ అందులో పూర్తిగా దాక్కుంటుంది. లోపలి అద్దంలో ఎలాగూ కారవాన్ ముఖమే తప్ప రోడ్డు కనిపించదు. కాబట్టి వెనక ఏముందో తెలుసుకోవడానికి మీకు మిగిలింది ఈ రెండు సైడ్ మిర్రర్లే.

బ్రిటన్‌లో పాటించే కొలత నాకు చాలా నచ్చుతుంది. డ్రైవర్ కూర్చున్న చోటు నుంచి 20 మీటర్ల వెనక, కారవాన్ పక్క నుంచి బయటికి 4 మీటర్ల వెడల్పు కనిపించాలి. కారవాన్ కారు వెనక భాగం కన్నా వెడల్పుగా ఉండి, సరైన అద్దాలు లేకుండా లాగితే అక్కడ 1000 పౌండ్ల వరకు జరిమానా, లైసెన్సు మీద 3 పెనాల్టీ పాయింట్లు పడొచ్చు. అలాగని అద్దాలు ఎంత బయటికైనా ఉండొచ్చని కాదు. కారవాన్ పక్కల నుంచి 25 సెంటీమీటర్లు దాటకూడదు. మీరుండే చోట నిబంధన ఏమిటో విడిగా చూసుకోండి గానీ, 20 మీటర్లకి 4 మీటర్లు అన్న పరీక్ష ఎక్కడైనా పనికొస్తుంది.

ఇక ఏది కొనాలన్న విషయం. చాలామంది గ్లాసు సైజు, రేటు చూసి కొంటారు. నా మటుకు నేను ముందు చూసేది కారు అద్దం చుట్టూ ఉండే ప్లాస్టిక్ డొప్పని. ఎందుకంటే టోయింగ్ మిర్రర్ నిలబడేది దాని మీదే. పట్టు సరిగ్గా లేకపోతే ఎంత మంచి గ్లాసైనా వణుకుతుంది. వణికే అద్దంలో వెనక వచ్చేది కారో లారీయో కూడా తెలియదు, రాత్రయితే హెడ్‌లైట్లు సాగిన గీతల్లా కనిపిస్తాయి. అలాంటి అద్దంతో హైవే మీద లేన్ మారాలంటే నాకు ఇప్పటికీ టెన్షనే.

రబ్బరు పట్టీలతో కట్టే రకం చవక, దాదాపు ఏ కారుకైనా సరిపోతుంది. కానీ పక్క నుంచి బస్సు దూసుకుపోయినప్పుడు ఆ గాలి విసురుకి అద్దం పక్కకి తిరిగిపోవడం నేను చూశాను. తక్కువ వేగంతో, తక్కువ దూరం పోయేవారికి ఇవి చాలు. దూర ప్రయాణాలకి నేను వీటిని సిఫార్సు చేయను.

డొప్పని పైనా కిందా పట్టుకుని మరలతో బిగించే క్లాంప్ రకం నేను వాడుతున్నది. డొప్ప అంచు మందంగా, కొంచెం పలకగా ఉంటే ఇది రాయిలా కూర్చుంటుంది. అంచులు గుండ్రంగా జారిపోతుంటే, లేదా ఫ్రేమ్ లేకుండా గ్లాసు అంచు దాకా వచ్చే కొత్త డిజైన్ అయితే క్లాంప్‌కి పట్టు దొరకదు. అందుకే కంపెనీలు ఏ కారు మోడల్‌కి ఏ క్లాంప్ సరిపోతుందో జాబితాలు ఇస్తాయి. ఆ జాబితాలో మీ కారు, దాని తయారీ సంవత్సరంతో సహా, ఉందో లేదో చూడండి. ఒకే పేరుతో వచ్చే కారుకి మోడల్ మారినప్పుడు డొప్ప ఆకారం కూడా మారిపోతుంది. వీలైతే కొనే ముందు కారుకి తగిలించి, చేత్తో గట్టిగా ఊపి చూడండి. డొప్పతో పాటు కదిలితే పర్వాలేదు. డొప్ప కదలకుండా అద్దం ఒక్కటే కదిలితే దాన్ని వదిలేయండి.

అద్దాన్ని బయటికి చాచి పట్టుకునే కడ్డీ విషయంలో కూడా ఆశపడొద్దు. అవసరానికి మించి పొడుగున్న కడ్డీ గ్లాసు బరువుకి మరింత ఊగుతుంది. మీ కారవాన్‌కి ఒక్కో వైపు ఎంత కావాలో టేపుతో ముందే తేలింది కదా, దానికన్నా కొంచెం ఎక్కువగా వచ్చేది చాలు.

కారు సొంత అద్దాలు తీసేసి, వాటి స్థానంలో బయటికి సాగే అద్దాలు పెట్టించుకోవడం మూడో దారి. ఆస్ట్రేలియాలో, ఉత్తర అమెరికాలో పెద్ద ఎస్‌యూవీలకి, పికప్ ట్రక్కులకి ఇవి బాగా వాడుకలో ఉన్నాయి. ఏడాదిలో ఎక్కువ రోజులు కారవాన్ లాగేవారికి ఇంతకన్నా స్థిరమైనది లేదు. కానీ అవి ఒక్కో కారు మోడల్‌కి విడిగా తయారవుతాయి. సెలవుల్లో మాత్రమే లాగేవారికి అంత ఖర్చు అవసరం లేదు.

గ్లాసు సంగతి. చదును గ్లాసు దూరాన్ని ఉన్నది ఉన్నట్టు చూపిస్తుంది, కానీ కనిపించే వెడల్పు తక్కువ. కాన్వెక్స్‌లో ఎక్కువ రోడ్డు కనిపిస్తుంది గానీ వెనక బండి చిన్నగా, ఉన్నదానికన్నా దూరంగా అనిపిస్తుంది. కారవాన్ లాగుతున్నప్పుడు ఓవర్‌టేక్ చేయడానికి చాలాసేపు పడుతుంది కాబట్టి, వెనక నుంచి వచ్చే బండి ఎంత దగ్గర్లో ఉందో సరిగ్గా తెలియడం ముఖ్యం. అందుకని డ్రైవర్ వైపు చదును గ్లాసు, అవతలి వైపు కాన్వెక్స్ అన్నది నా ఎంపిక. దీనికి కారణం ఉంది. అవతలి అద్దం మీ కంటికి దాదాపు రెట్టింపు దూరంలో ఉంటుంది. అంత దూరంలోని చదును గ్లాసులో కనిపించే వెడల్పు దాదాపు సగానికి పడిపోతుంది, 4 మీటర్ల పరీక్ష నెగ్గడం కష్టం. రెండు వైపులా కాన్వెక్స్ వాడి హాయిగా నడిపేవారూ ఉన్నారు, అది తప్పు కాదు. అయితే లేన్ మారే ముందు ఇంకాస్త ఎడం వదలడం అలవాటు చేసుకోవాలి. ఏదైనా సరే, గ్లాసు మీద E గుర్తు, అంటే వృత్తంలో ఇంగ్లిష్ E అక్షరం పక్కన అంకె, ఉందేమో చూడండి. యూరప్‌లో వాహన అద్దాల ప్రమాణాలకి లోబడిందని దాని అర్థం.

ఇంకో మాట. కారు అసలు అద్దాన్ని కప్పేయని రకం తీసుకోండి. రివర్స్ చేసేటప్పుడు కారు పక్కన, దగ్గర్లో ఏముందో చూపించేది ఆ పాత అద్దమే. డొప్ప మీద ఇండికేటర్ లైటు, కింద కెమెరా ఉంటే క్లాంప్ వాటికి అడ్డం రాకుండా చూసుకోండి. కారు లాక్ చేయగానే అద్దాలు వాటంతట అవే ముడుచుకునే సెట్టింగు ఉంటే ఆపేయండి. లేకపోతే అదనపు బరువు మోటారు మీద పడుతుంది.

వెనక కెమెరా పెట్టుకుంటే చాలదా అని కొందరు అడుగుతారు. నాకూ ఉంది, బాగా ఉపయోగపడుతుంది కూడా. కానీ పక్క లేన్‌లో దూరం నుంచి వేగంగా వచ్చేదాన్ని పసిగట్టడానికి అద్దమే కావాలి. వానలో కెమెరా లెన్స్ మీద నీటి చుక్కలు పడితే అదీ పోతుంది.

బిగించే ముందు డొప్పని, క్లాంప్ రబ్బరుని పొడిగుడ్డతో తుడవండి. మధ్యలో తడి, మట్టి ఉంటే జారేది అక్కడే. మరలు రెండూ కొంచెం కొంచెంగా, సమంగా తిప్పండి. ఒకదాన్నే బలంగా తిప్పితే డొప్ప పగులుతుంది. కారవాన్ తగిలించి, కారుకి తిన్నగా నిలబెట్టాకే అద్దం సర్దండి, అదీ మీరు రోజూ నడిపే భంగిమలో కూర్చుని. కారవాన్ గోడ అద్దం లోపలి అంచులో సన్నని చారలా కనిపిస్తే చాలు, మిగతాదంతా రోడ్డు ఉండాలి. తర్వాత ఇంట్లో ఒకరిని 20 మీటర్ల వెనక నిలబెట్టి, కారవాన్ గోడ వరస నుంచి నాలుగు మీటర్లు పక్కకి నడవమనండి. నడిచినంతసేపూ మనిషి అద్దంలో కనిపించాలి. రెండు వైపులా చేయండి. బయల్దేరాక మొదటిసారి ఆగినప్పుడు మరలు మళ్లీ ఒకసారి చూసుకోండి, కాస్త వదులైనట్టు తరచూ తెలుస్తుంది.

కారవాన్ విప్పేశాక అద్దాలు కూడా తీసేయండి. కారు ఒక్కటే తిరిగేటప్పుడు అవి సైకిళ్ల వాళ్లకి, నడిచేవాళ్లకి తగులుతాయి. గ్లాసు తుడిచి, ఒక్కోదాన్ని విడిగా మెత్తటి గుడ్డ సంచిలో పెట్టండి. రెండూ ఒకదానికొకటి రాసుకుని గీతలు పడితే, రాత్రి వెనక హెడ్‌లైట్ల వెలుగు ఆ గీతల మీద చెదిరి కళ్లు చిట్లించాల్సి వస్తుంది.