ఆ క్లారినెట్ జారుడు ఎవరిది?

ప్రశ్న: ‘రాప్సొడీ ఇన్ బ్లూ’ అనే సంగీత రచన మొదట్లో క్లారినెట్ సైరన్‌లా పైకి జారుతుంది కదా, అది స్వరకర్త గెర్ష్విన్ రాసిందేనా? ఇంతకీ ఇది జాజా, క్లాసికలా?

జవాబు: ఆయన రాసింది విడివిడి స్వరాల పరుగేనండీ. రిహార్సల్లో క్లారినెట్ వాయించే రాస్ గోర్మన్ సరదాకి జార్చి వాయిస్తే గెర్ష్విన్‌కి తెగ నచ్చేసి అలాగే ఉంచమన్నాడు. 1924 ఫిబ్రవరి 12న న్యూయార్క్ ఎయోలియన్ హాల్లో పాల్ వైట్‌మన్ జాజ్ బ్యాండుతో మొదటి ప్రదర్శన, పియానో గెర్ష్వినే, టైం చాలక తన సోలోలు కొన్ని కాగితం మీద పెట్టకుండానే వాయించేశాడు. బ్యాండుకి తగ్గట్టు వాయిద్యాలకు పంచింది మాత్రం ఫెర్డీ గ్రోఫే, ఆయన్నెవరూ తలవరు, అన్యాయం కదూ! నన్నడిగితే ఒళ్లు పియానో కన్చెర్టోది (ఆర్కెస్ట్రా తోడుగా పియానో ముందు నడిచే క్లాసికల్ రచన), నడక జాజ్‌ది. సింఫనీ ఆర్కెస్ట్రా రూపం తర్వాత వచ్చింది, ముందు బ్యాండు రూపమే వినండి.