రెండు సీట్ల కారు, మూడు బియ్యం బస్తాలు: బీమా వస్తుందా?

సందేహం: మేం బెంగళూరు మారతహళ్ళిలో ఉంటాం. నిరుడు రెండు సీట్ల చిన్న స్పోర్ట్స్ కారు సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. ఆర్‌సీలో ఖాళీ బరువు 1,060 కిలోలు. డోర్ పక్కన స్టిక్కరు మీద గరిష్ఠ మొత్తం బరువు 1,260 అని ఉంది. నేను 82 కిలోలు, మా ఆవిడ 64. అత్తగారి ఊరు నంద్యాల వెళ్ళినప్పుడల్లా 26 కిలోల సోనా మసూరి బస్తాలు మూడు తెస్తాం. ఒకటి మాకు, రెండు అపార్ట్‌మెంట్లో అడిగినవాళ్ళకు, కొన్న రేటు మీద కొంచెం వేసుకుని ఇస్తాం. ఐదేళ్ళ బాబు, 18 కిలోలు, వాళ్ళమ్మ ఒళ్ళో కూర్చుంటాడు. గట్టి స్ప్రింగులు వేస్తే ఇంకా బరువు మోస్తుందని జేసీ రోడ్డు మెకానిక్ అంటున్నాడు. రేపు ఏదైనా జరిగితే బీమా కంపెనీ డబ్బిస్తుందా?

సమాధానం: ముందు లెక్క చూద్దాం. స్టిక్కరు ప్రకారం 200 కిలోలు మిగిలాయి కదా అనుకుంటున్నారేమో, అందులో మీ బరువూ ఉంది. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 2(48) ఖాళీ బరువులో డ్రైవర్ని కలపదు. మీరిద్దరే 146. బస్తాలు 78. అక్కడికే 224. బాబుతో 242. సూట్‌కేసు ఇంకా ఎక్కించనే లేదు. చిన్న స్పోర్ట్స్ కార్లు చాలావరకు ఇంతే. అమెరికాలో మాజ్దా ఎంఎక్స్-5 స్టిక్కరు మీద మనుషులూ సామానూ కలిపి 154 కిలోలే. మనిషికి 68 చొప్పున ఇద్దరిని తీసేస్తే సామానుకు మిగిలేది 18.

టైరు మీద సైజు పక్కన బరువు సూచిక (లోడ్ ఇండెక్స్) 84 అని ఉంటే ఒక్కో టైరు 500 కిలోలు మోస్తుందని అర్థం. నాలుగూ కలిపి రెండు వేలు కాబట్టి పరవాలేదని కొందరు వాదిస్తారు. బరువు టైర్ల మీదే ఆగదు, ఇరుసులూ బ్రేకులూ సస్పెన్షనూ కూడా మోయాలి. అందుకే స్టిక్కరు మీది అంకే హద్దు.

ఆర్‌సీలో రాసిన నిండు బరువు దాటి నడిపితే సెక్షన్ 113 ఉల్లంఘన. సెక్షన్ 194 కింద 20,000 రూపాయల జరిమానా, అదనపు ప్రతి టన్నుకూ 2,000. కానీ సొంత కార్ల ఆర్‌సీల్లో చాలాసార్లు ఖాళీ బరువే ఉంటుంది, నిండు బరువు గడి ఖాళీ. మీదీ అలాంటిదే అయితే ఆ సెక్షన్ మీ మీద నిలబెట్టడం కష్టం. దీన్ని చూసి ధైర్యపడకండి. మీ అసలు ప్రమాదం ట్రాఫిక్ పోలీసు దగ్గర లేదు, క్లెయిమ్ దగ్గర ఉంది.

1996లో హాసన్ బీమా ఆఫీసుతో జరిగిన బి.వి. నాగరాజు కేసులో ఆరుగురికి అనుమతి ఉన్న గూడ్స్ బండిలో తొమ్మిది మంది ఉన్నారు. అయినా సుప్రీంకోర్టు నష్టపరిహారం ఇమ్మంది. ఎక్కువ మంది ఉండడమే ప్రమాదానికి కారణం కానప్పుడు అది పాలసీని దెబ్బతీసేంత ఉల్లంఘన కాదని తేల్చింది. అయితే మీ విషయంలో ఈ తీర్పు రెండువైపులా పదునున్న కత్తి. వెయ్యి కిలోల కారులో వెనక ఇరుసు మీద అదనంగా పడిన బరువు బ్రేకు పడే దూరాన్ని పెంచుతుంది, మలుపులో వెనక భాగం జారేలా చేస్తుంది. బాగేపల్లి దాటాక ఎండలో టైరు పేలితే, బరువే కారణమని నష్టం లెక్కగట్టే బీమా సర్వేయరు ఒక్క వాక్యం రాస్తే చాలు, నాగరాజు తీర్పు మీకు అండగా నిలవదు. అప్పుడు మనం అడగగలిగేది సుప్రీంకోర్టు 2010లో ఇచ్చిన అమలేందు సాహూ తీర్పు దారిలో, అంటే షరతు తప్పినా క్లెయిమ్ మొత్తంలో కొంత కోసి మిగతాది ఇచ్చే నాన్ స్టాండర్డ్ సెటిల్‌మెంట్. అందులో గరిష్ఠంగా 75 శాతం.

ఇంకో గుంట మీరు గమనించలేదు. ప్రైవేటు కారు పాలసీలో శాంపిళ్ళూ సొంత సామానూ తప్ప సరుకు రవాణాకు వాడకూడదని షరతు ఉంటుంది. మీ ఇంటి బస్తా సొంత సామానే. లాభం వేసుకుని ఇచ్చే రెండు బస్తాలు సరుకు. ఆ అలవాటు ఈరోజే మానండి.

స్ప్రింగుల మాట వద్దు. స్ప్రింగు మార్చినా కంపెనీ ఇచ్చిన బరువు పరిమితి పెరగదు. పైగా ఆర్‌సీ వివరాలకు తేడా వచ్చేలా మారిస్తే సెక్షన్ 52 అడ్డం వస్తుంది, 182ఎ(4) కింద ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ.

బాబు గురించి మాత్రం గట్టిగా చెబుతున్నాను. పద్నాలుగేళ్ళలోపు పిల్లలకు బెల్టు గానీ చైల్డ్ సీటు గానీ లేకపోతే సెక్షన్ 194బి కింద 1,000 రూపాయలు. ఆ వెయ్యి ఏపాటిది? సడన్ బ్రేకు పడితే తల్లి చేతులు ఆ బిడ్డను పట్టుకోలేవు, ఎయిర్‌బ్యాగుకూ తల్లి ఒంటికీ మధ్య నలిగేది వాడే. చట్టం మాటకొస్తే, పరిమితికి మించి జనం ఎక్కిన బస్సు కేసులో 2007లో సుప్రీంకోర్టు అంజనా శ్యామ్ తీర్పు చెప్పిందేమిటంటే, బీమా చేసిన మందికే కంపెనీ బాధ్యత. మీ కారులో ఆ మంది ఇద్దరే. మూడో మనిషి పరిహారం మీ జేబులోంచి పోవాల్సిందే.

నంద్యాల వెళ్ళేముందు ట్యాంకు నింపి, మీరిద్దరూ సామానుతో సహా కూర్చుని దగ్గర్లో లారీలు తూచే వేబ్రిడ్జి మీద తూయించండి, ముందు ఇరుసూ వెనక ఇరుసూ విడివిడిగా. రసీదు దాచుకోండి, రేపు వాదనకు పనికొస్తుంది. బస్తాలు ఆర్టీసీ కార్గోలో వేయండి. ముగ్గురూ కలిసి వెళ్ళాలంటే ఈ కారు ఇంట్లో ఉంచి రైలో బస్సో ఎక్కండి.