రోజుకి 400 కిలోమీటర్లు వద్దు బ్రో

మ్యూనిక్‌లో బైక్ అద్దెకి తీసుకుని మే మూడో వారంలో 5 రోజుల్లో స్విట్జర్లాండ్‌లో పాస్‌లన్నీ (కొండలు దాటే ఎత్తైన రోడ్లు) చుట్టేస్తా, రోజుకి 400 కిలోమీటర్లు ఓకేనా అన్నావు కదా, ముందు డేట్లు మార్చు. మేలో పైన ఇంకా మంచు తీస్తూనే ఉంటారు, పెద్ద పాస్‌లు మామూలుగా జూన్‌లో గానీ తెరవరు. జూలై ఆఖరు, లేదా సెప్టెంబర్ మొదట్లో పెట్టుకో, నన్నడిగితే సెప్టెంబరే, రష్ తక్కువ.

రోజూ హోటల్ మార్చకుండా ఆండర్‌మాట్ అనే కొండ ఊళ్లో 3 రాత్రులు ఉండిపో. అక్కడి నుంచి ఫుర్కా (2429 మీటర్లు), గ్రిమ్సెల్, సుస్టెన్ మూడు పాస్‌లూ కలిపి ఒక రౌండు, మొత్తం 120 కిలోమీటర్లే, ఇంతేనా అనుకుంటావేమో గానీ ఆ హెయిర్‌పిన్ మలుపులు, ఫొటోల కోసం ఆగడాలు, మధ్యలో కాఫీ, సాయంత్రం అయిపోద్ది. ఇంకో రోజు పాత గొట్‌హార్డ్ రోడ్డు, అదే ట్రెమోలా, రాళ్లు పరిచిన దారి, చూడ్డానికి అద్భుతం గానీ వాన పడితే మాత్రం వెళ్లకు, జారుతుంది.

పసుపు రంగు పోస్ట్ బస్సు (అక్కడి ప్రయాణికుల బస్సు) ఎదురొస్తే దారి ఇచ్చెయ్యి, కొండ రోడ్ల మీద ముందు హక్కు దానిదే. మోటార్‌వే ఎక్కితే బైక్‌కి కూడా విన్యెట్ (మోటార్‌వే వాడకానికి కట్టే పాస్ లాంటిది) కావాలి, 40 ఫ్రాంకులు, ఏడాదిదే ఇస్తారు. స్పీడు లిమిట్ ఊళ్లో 50, బయట 80, దాటితే ఫైన్లు గట్టిగా పడతాయి. ఇంకోటి, అక్కడ కుడివైపు నడపాలి, పెట్రోల్ బంకులోంచి బయటికొచ్చేటప్పుడే మనవాళ్లు మర్చిపోయేది.

బైక్ ఇచ్చేవాళ్లని జర్మనీ బోర్డర్ దాటితే ఇన్సూరెన్స్ వర్తిస్తుందా అని రాతపూర్వకంగా అడుగు, ఇండియా లైసెన్స్ అయితే ఐడీపీ (ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్) కూడా పెట్టుకో.